మీ మూలుగ, మా అమ్మాయి

సెలూన్ నుంచి, పొద్దున మొదటి గిరాకీ రాకముందు

మా ఇంటి దీపం నిలబెట్టిన బాబుకి,

వెయ్యేళ్ళు చల్లగా ఉండు బాబూ. పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు, అవతలివాళ్ళవి అడగొద్దు అని దాతల కేంద్రం అమ్మగారు గట్టిగా చెప్పింది. ఈ ఉత్తరం ముందు ఆవిడ చదివి, అప్పుడు మీకు పంపుతుందట. చదవనీ. సంతోషానికి దాపరికం ఏముంది?

పదేళ్ళు బాబూ, పదేళ్ళు! నిన్న పెద్ద డాక్టరమ్మ మా అమ్మాయి కాగితాలన్నీ తిరగేసి, "పెద్దాయనా, నాటిన మూలుగ ఇక ఊడిపోతుందన్న బెంగ మీకు అక్కర్లేదు" అంది. ఆవిడ కాళ్ళమీద పడబోతే మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "నాన్నా, పరువు తీయకు" అంటూ. ఆ తర్వాత నన్ను బయట కూర్చోమని వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆడవాళ్ళ కబుర్లు, మనకెందుకు? సెలూన్‌కి వచ్చి ఒకాయనకి ఒక పక్క కత్తిరించి, రెండో పక్క మర్చిపోయి ఈ కథే చెబుతూ కూర్చున్నాను. ఆయన అద్దంలో చూసుకుని, "కథ బాగుంది గానీ నా సంగతేంటి?" అన్నాడు.

మీకు ఈ కథలో మొదటి సగం తెలియదు. అప్పుడు దానికి పదహారేళ్ళు. తలుపు గడియ తగిలినా ఒంటిమీద నీలం మచ్చ, పళ్ళు తోముకుంటే నోరంతా నెత్తురు. ఎముకల్లో మూలుగ ఎండిపోయింది, ఒంట్లో రక్తం పుట్టడం మానేసింది అన్నారు. నాది కలవలేదు, వాళ్ళమ్మది కలవలేదు, అన్నదమ్ముల పిల్లలెవరిదీ కలవలేదు. ముక్కూ మొహం తెలియని మీరు నడుం ఎముకలోంచి తీసి ఇచ్చారు. మూలకణాలు అంటారట. నాకు అర్థమైందల్లా, ఎక్కడో పెరిగిన నారు తెచ్చి మా మళ్ళో నాటారు, అది పట్టింది.

మందులకి ఊడకముందే దాని జుట్టు నేనే తీసేశాను, వేరేవాళ్ళ చెయ్యి పడనివ్వకుండా. తర్వాత మొలిచింది చూడాలి, ఉంగరాలు ఉంగరాలు! మా వంశంలో అందరివీ చీపురుపుల్లలే. పొద్దున లేవగానే వరసగా తుమ్ములు కూడా కొత్తగా వచ్చాయి. థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, కళ్ళు పొడిబారకుండా చుక్కలు వేసుకుంటుంది, ఎండలో గొడుగు లేకుండా వెళ్ళదు. అంతకుమించి ఏ లోటూ లేదు. కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసి బిగించే పని. నన్నే కేకలేస్తుంది.

మీది ఉంగరాల జుట్టా? మీకూ తుమ్ములొస్తాయా? ఇంకా మీ ఒంటి సంగతులు ఏమున్నా రాయండి. దానిలో ఏది మాదో, ఏది మీదో తేల్చుకోవాలని ముచ్చట.

ఆ పిల్ల తండ్రి

*

పనిచోటు, రేకుల గది

అయ్యా,

ఉత్తరం అందింది. మీ అమ్మాయి బాగున్నందుకు సంతోషం.

మొదటి ఏడు మీరొక ఉత్తరం రాశారు, నేను రెండు ముక్కలు రాశాను. తర్వాత మీరు లేరు, నేను లేను. ఇప్పుడు ఉన్నట్టుండి ఇంత తీయగా రాశారు. నా జుట్టు అడిగారు, నా తుమ్ములు అడిగారు, ఒంటి సంగతులన్నీ అడిగారు. సరిగ్గా ఈ వారంలోనే కేంద్రం నుంచి నాకు మూడుసార్లు ఫోన్ వచ్చింది. "ఒకసారి వచ్చి వెళ్ళండి, చిన్న పరీక్ష" అంటారు. ఎందుకంటే, వచ్చాక చెబుతామంటారు.

మా ఆవిడకి మీ ఉత్తరం చదివి వినిపించాను. "పొగిడేవాడు ఊరికే పొగడడు. చేటెడు పొగడ్త వెనకాలే అడిగే చెయ్యి వస్తుంది చూడండి" అంది.

అప్పుడు నేను పెళ్ళికాని కుర్రాణ్ణి. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. క్రేన్ నడుపుతాను, పైన గాజు గదిలో కూర్చుంటే కింద మనుషులు గోళీకాయలంత కనిపిస్తారు. నడుం వంగకపోతే ఆ నిచ్చెన ఎక్కలేను. రెండోసారి ఇమ్మంటే ఇవ్వలేను. అది అడగడానికే రాశారా, సూటిగా చెప్పండి.

క్రేన్ ఆపరేటర్

*

సెలూన్ నుంచి, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు

బాబుకి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా అమ్మాయి మీద ఒట్టు, ఏదీ అడగడానికి రాయలేదు. సంతోషం పట్టలేక రాశాను. సంతోషం వచ్చినా దుఃఖం వచ్చినా నా నోరు ఒకలాగే ఆడుతుంది. మా ఇంటావిడ ఉన్నన్నాళ్ళూ అదే అనేది, "ఈయన కత్తెర ఆగినా నోరు ఆగదు" అని.

అయినా బాబూ, మీ అనుమానం నాకూ అంటుకుంది. కేంద్రంవాళ్ళు మిమ్మల్ని ఎందుకు పిలుస్తున్నట్టు? అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పిన వారంలోనే?

అప్పటినుంచి మా అమ్మాయిని గమనిస్తున్నాను. కొట్టులో పని ఎక్కువుందని ఆలస్యంగా వచ్చింది ఒకరోజు. మోచేతి మడతలో పట్టీ అంటించి ఉంది. "ఏంటమ్మా అది?" అంటే, "అద్దం గీరుకుంది" అంది. అద్దం గీరుకుంటే మోచేతి లోపల గీరుకుంటుందా బాబూ? ఇంకోరోజు కొట్టుకి ఫోన్ చేస్తే, "ఆవిడ ఇవాళ సెలవు కదండీ" అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి, "అబ్బ, పొద్దుట్నుంచీ ఒకటే గిరాకీలు నాన్నా" అంది. నా మొహం చూడకుండా కాళ్ళు కడుక్కుంది.

పదేళ్ళ కింద కూడా ఇలాగే మొదలైంది. అప్పుడూ, "ఏం లేదు నాన్నా, బల్ల తగిలింది" అనేది.

మిమ్మల్ని మళ్ళీ ఇమ్మని అడగను. ఒక్కటి మాత్రం చెప్పండి. కేంద్రం అమ్మగారు మీతో అన్నమాట అన్నట్టు ఏమంది? ఆవిడ గొంతు ఎలా ఉంది? నాకు మా ఇంట్లో ఎవరూ నిజం చెప్పేలా లేరు.

ఆ పిల్ల తండ్రి

*

రేకుల గది, వాన వల్ల పని ఆగింది

అయ్యా,

అన్నమాట అన్నట్టే రాస్తున్నాను. "కంగారు పడాల్సింది కాదండీ, ఫోన్లో చెప్పే విషయం కాదు, డాక్టరుగారు ఎదురుగా కూర్చోబెట్టి చెబుతారు." గొంతు తేనె పూసినట్టుంది. కంగారు లేనిదయితే ఫోన్లో చెప్పడానికేం? నాకు అందుకే నమ్మకం కుదరలేదు.

మీరు పట్టీ సంగతి రాశాక మా ఆవిడ తేల్చేసింది. "చూశారా? ఆ పిల్లకి మళ్ళీ వచ్చింది. ముసలాయనకి చెప్పలేదు, అంతే. మీ నడుం కోసమే ఈ ఫోన్లన్నీ." ఆవిడని తప్పుపట్టలేను. పోయినసారి వారం రోజుల్లో మామూలైపోతావన్నారు. నెల దాకా వంగి చెప్పు తొడుక్కోలేకపోయాను. దానికి నేను ఏడవలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా. మీకే మొదటిసారి చెబుతున్నాను. ఎందుకు చెబుతున్నానో తెలియదు.

పెద్దాయనా, ఒక మాట. మీ అమ్మాయికి నిజంగా అవసరమైతే దొంగచాటుగా పిలిపించకండి. మీరే అడగండి. ఇస్తానని కాదు. అడిగితే, కాదని మీ మొహంమీద చెప్పే ధైర్యం నాకుందో లేదో నాకైనా తెలుస్తుంది.

కేంద్రం ఫోన్లు ఎత్తడం మానేశాను.

క్రేన్ ఆపరేటర్

*

సెలూన్ నుంచి, తలుపు వేసుకుని

బాబుకి,

ముందుగా, ఈ ఉత్తరం చదివే కేంద్రం అమ్మగారికి: తల్లీ, ఇందులో రాయకూడనివి రాస్తున్నాను. దీని మీద సిరా పూయకు. మీ పిలుపుకి ఆయన రావడం లేదు. ఇది కూడా ఆగిపోతే ఆయనకి చెప్పేవాళ్ళు లేరు.

బాబూ, నిన్న మా అమ్మాయి జుట్టు కొసలు కత్తిరించమని కుర్చీలో కూర్చుంది. గుడ్డ కప్పి మెడ దగ్గర ముడేశాను. అప్పుడు అడిగాను. కుర్చీలోంచి మధ్యలో లేచిపోలేదు కదా.

"కొట్టులో సెలవు పెట్టి ఎక్కడికెళ్ళావు?"

అద్దంలో నన్ను చూసింది. "ఆసుపత్రికి."

"మళ్ళీ వచ్చిందా?"

"అది కాదు నాన్నా. అప్పుడు రక్తం పుట్టలేదు. ఇప్పుడు ఎక్కువ పుడుతోంది. చిక్కబడుతోంది. అప్పుడప్పుడూ కాస్త తీసేస్తున్నారు, పలచబడటానికి ఒక చిన్న మాత్ర ఇచ్చారు. అంతే. డాక్టరమ్మ నీతో చెప్పింది అబద్ధం కాదు."

"మరి దాచడం దేనికే?"

మెడ దగ్గర గుడ్డ ముడి సవరించుకుంటూ అంది: "ఆ గుణం నాది కాదు నాన్నా. ఆయనతో వచ్చిన కణాల్లో ఉందట. ఆయనిచ్చిన రోజున పరీక్షలకి దొరకనంత చిన్నది. ఇన్నేళ్ళలో పెరిగింది. నువ్వేమో ఆయన్ని దేవుడంటావు. ఇది చెబితే నీ మొహం ఎలా మారుతుందో చూడలేననిపించింది. పైగా నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆయనకి భయం పుట్టేట్టు ఏదో ఒకటి రాసేస్తావు."

రాస్తున్నాను చూడు బాబూ. దాని మాటే నిజమైంది.

అందుకే మిమ్మల్ని పిలుస్తున్నారు. తీసుకోవడానికి కాదు. దాని ఒంట్లో పెరిగినట్టే మీ ఒంట్లోనూ పెరిగి ఉండొచ్చు, ఒకసారి చూడాలని. లేకపోతే మంచిదే. ఉండి, చూడకుండా వదిలేస్తే చిక్కటి రక్తం ఎక్కడో గడ్డకడుతుందట. గుండెలోనో, తలలోనో. మా అమ్మాయి ఏటా ఆసుపత్రికి వెళ్తుంది కాబట్టి దొరికింది. మిమ్మల్ని ఎవరూ ఏటా చూడరు.

మా అమ్మాయి ఏమేం బాధలు పడుతోందో అడిగి తెలుసుకున్నాను. స్నానం చేసి వచ్చాక ఒళ్ళంతా దురద. పొక్కు ఉండదు, మచ్చ ఉండదు, తుడుచుకున్న చోటల్లా దురద. అరికాళ్ళు మంట. మధ్యాహ్నానికి మొహం ఎర్రబడుతుంది, తల దిమ్ముగా ఉంటుంది. మీకు ఇవి ఉన్నాయా బాబూ? నాకు చెప్పక్కర్లేదు. వెళ్ళి డాక్టరుకి చెప్పండి.

ఆ పిల్ల తండ్రి

*

రేకుల గది

అయ్యా,

స్నానం తర్వాత దురద సంగతి మీకెవరు చెప్పారు?

అది మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. మూడు సబ్బులు మార్చింది. నీళ్ళలో ఉప్పుందని కొన్నాళ్ళు, తువ్వాలు సరిగా జాడించలేదని కొన్నాళ్ళు పోట్లాడుకున్నాం. మీ ఉత్తరం చదివి నేను ఆవిడనే నిలదీశాను, "ఎవరితో వాగావు?" అని. ఆవిడ, "మీ ఒంటి దురద ఊరంతా చెప్పుకోవడానికి నాకేం పనిలేదా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండ్రోజులు మాటల్లేవు. అరికాళ్ళ సంగతి ఆవిడకీ చెప్పలేదు. పైన గదిలో బూట్లు విప్పి కూర్చుంటాను. మీరు నా మీద ఎవరినైనా కాపలా పెట్టారా?

సరే, కాపలా పెట్టలేదనుకుందాం. అప్పుడు మీరనేదాని అర్థం ఇంకోటి. నేను మీ అమ్మాయికి రోగం ఇచ్చాను. ఇంత మెత్తగా ఎందుకు చెబుతున్నారు? రేపు నన్ను ఏ కోర్టులోనైనా నిలబెట్టడానికా? నాకు తెలిసి ఇచ్చానా? నాకేం తెలుసు?

నాకు ప్రతి ఏడూ మా కంపెనీవాళ్ళు ఒళ్ళు పరీక్ష చేయిస్తారు. కళ్ళు చూస్తారు, చెవులు చూస్తారు, నెత్తురు పోటు చూస్తారు. "రక్తం జబ్బు" అని ఎక్కడైనా ఒక్క ముక్క పడిందా, నిచ్చెన మొదటి మెట్టు కూడా ఎక్కనివ్వరు. కింద నిలబడి క్రేన్‌కి జెండా ఊపే పని ఇస్తారు. నేను పైన పని చేసేవాణ్ణి. అది తప్ప నాకు ఏదీ రాదు.

ఇక రాయకండి.

*

సెలూన్ నుంచి, పొద్దున్నే

బాబుకి,

రాయొద్దన్నారు. రాస్తున్నాను. కోప్పడండి.

రోగం ఇచ్చానన్న మాట మీ నోట ఎలా వచ్చింది బాబూ? మీరు ఇవ్వకపోతే, ఈ రోగం రావడానికి మా అమ్మాయే ఉండేది కాదు. ఆ ఏడు వానాకాలం కూడా చూసేది కాదు. పదేళ్ళు నన్ను కేకలేసింది, నా కళ్ళజోడుకి అద్దాలు తనే అరగదీసి బిగించింది, వాళ్ళమ్మ పోయినప్పుడు నా పక్కన కూర్చుంది. ఇవన్నీ మీ మూలుగలోంచే వచ్చాయి. దురద కూడా దానితోనే వచ్చింది. చెట్టు ఇచ్చినవాణ్ణి పట్టుకుని, ఆకులు రాలుతున్నాయని దెబ్బలాడతానా?

మీ ఉత్తరం చదివి మా అమ్మాయి ఏమందో తెలుసా? "అయితే ఆయనకి కూడా అరికాళ్ళు మండుతాయన్నమాట" అంది. ఇన్నాళ్ళూ దాని బాధ అర్థమయ్యేవాళ్ళు దానికి ఒక్కరూ లేరు బాబూ. నాకు చెబితే నేను ఏడుస్తాను కానీ, నా కాళ్ళు మండవు కదా.

పని సంగతి. నేను ముప్పై ఏళ్ళు గడ్డాలు గీశాను. కత్తి గొంతు మీద పెడితే మనిషి కళ్ళు మూసుకుని నిద్రపోయేవాడు, అంత నమ్మకం. ఒకరోజు బొటనవేలు వణికింది. ఎవరికీ తెగలేదు, ఎవరూ చూడలేదు. నేను చూశాను. మర్నాటి నుంచి కత్తి పట్టలేదు. గడ్డం చేయనంటే పాత గిరాకీలు సగంమంది పక్క సెలూన్‌కి పోయారు. సిగ్గనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. కత్తెర ఒక్కటే ఆడిస్తున్నాను, నోటితో పాటు.

మీ కొక్కేనికి ఇనుప దూలం వేలాడుతుండగా, మీకు పైన తల దిమ్మెక్కితే, కింద గోళీకాయలంత కనిపించేవాళ్ళు ఎటు పరిగెడతారు? వాళ్ళు పైకి చూడటం కూడా మానేసి ఉంటారు. మీ మీద అంత నమ్మకం.

అనుమానం ఉంటే నన్ను అనుమానించండి, కేంద్రాన్ని అనుమానించండి, మీకు హక్కుంది. మీ దురదని కూడా ఒక్కసారి అనుమానించండి. మీ ఆవిడకి ఈ ఉత్తరం చదివి వినిపించండి. సబ్బుది తప్పు కాదని ఆవిడకి తెలియాలి.

ఆ పిల్ల తండ్రి

*

ఇంటి నుంచి

బాబాయ్ గారికి,

చాలా రోజులు రాయలేదు. చదివి వినిపించమన్నారు కదా, వినిపించాను. మా ఆవిడ చేట సామెత చెప్పలేదు. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "పదండి. నేనూ వస్తాను. నడుం దగ్గరికి సూది తెచ్చారంటే అక్కడే గోల పెడతాను" అంది. కేంద్రంలో ప్రతి గదిలోకీ నాకంటే ముందు తనే తొంగిచూసింది. డాక్టరుగారు మాట్లాడుతుంటే మధ్యలో ఆపి, "మూలుగ మాటేం లేదు కదా?" అని అడిగింది. ఆయన మూడోసారి కూడా ఓపిగ్గా లేదన్నాడు.

ఆ గుణం నాలోనూ ఉంది బాబాయ్ గారూ. మీ అమ్మాయికంటే నాకే ఎక్కువుంది. ఇంకో వేసవి వదిలేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. మా ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని అడిగారు. లేదన్నాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. "ఒకమ్మాయికి ఉంది. చూడలేదు" అన్నాను. వాళ్ళకి ముందే తెలుసు, తల ఊపారు.

క్రేన్ దిగాను. నా అంతట నేనే చెప్పాను, వాళ్ళు కనిపెట్టేదాకా ఆగలేదు. రక్తం దారికొస్తే అప్పుడు చూద్దామన్నారు. చూస్తారో లేదో, ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. ప్రస్తుతం కింద జెండా పని. పైన కొత్తవాడు కూర్చున్నాడు, కొక్కెం ఊయలలా ఊపుతున్నాడు. వాణ్ణి తిట్టి తిట్టి నా గొంతు పోయింది. మీమీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. పోయాక చెబుతాను.

మొన్న మొదటిసారి రక్తం తీశారు. నిండిన సంచీని నర్సు చెత్తడబ్బాలో పడేసింది. నేను సూది ఉందని కూడా మర్చిపోయి లేచాను. "అదేంటమ్మా, ఎవరికైనా పనికొస్తుంది కదా!" అన్నాను. పనికిరాదంది. పదేళ్ళ కింద నా దగ్గర తీసిన సంచీని, నేను మత్తులోంచి లేచేసరికే, ఇద్దరు మనుషులు పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని పరిగెత్తారని చెప్పారు. ఈసారి డబ్బా మూత కూడా కాలితో నొక్కి తెరిచింది. నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. మీ అమ్మాయిదీ ఇలాగే పారేస్తూ ఉంటారు, తను ఒక్కతే కూర్చుని చూస్తూ ఉంటుంది అనిపించింది.

తనకి మళ్ళీ ఎప్పుడు తీస్తారో కనుక్కుని రాయండి. నాదీ ఆ రోజుకే పెట్టించుకుంటాను.

క్రేన్ ఆపరేటర్